మచ్చ లేని చేమాకు

పురుగులు పెంచే ఉద్యోగమని తెలిస్తే పెళ్ళివారు లేచిపోతారని మా అమ్మ భయం. అందుకని సంబంధం మాట్లాడేటప్పుడు "మా గుంట గవర్నమెంటు ఆఫీసులో పని సేత్తన్నాది" అని అంతటితో ఊరుకుంది. పెళ్ళయిన వారానికి నేను నిద్రలో "రెండో తలుపు వేశారా" అని కలవరిస్తుంటే మా ఆయన లేపి అడిగాడు, ఏ తలుపని. అప్పుడు బయటపడింది బండారం. ఆయన పోర్టులో కళాసీ, ఇనుప ఖనిజం ధూళితో ఒళ్ళంతా ఎర్రగా ఇంటికొచ్చే మనిషి. "నాను మట్టితో వత్తాను, నువ్వు పురుగులతో వత్తావు, సరిపోనాది" అన్నాడు. మంచివాడే, నోరు తెరవనంతసేపూ.

ఇది ఎనభైల మొదట్లో మాట. సింహాచలం వెళ్ళే దారికి కొంచెం లోపలగా ఉండేది మా ఆఫీసు. ఆఫీసంటే రెండు గదులు, వెనక నాలుగు మడులు, వాటి పక్కన సన్నటి ఇనుప వల బిగించిన షెడ్డు. ఆ షెడ్డుకి రెండు తలుపులు. మొదటిది మూశాకే రెండోది తియ్యాలి. బయటికొచ్చేటప్పుడు చీర కుచ్చిళ్ళు దులుపుకుని, జడ దులుపుకుని, ఒంటి మీద ఏమీ పాకడం లేదని చూసుకుని మరీ రావాలి. నేను ఆ షెడ్డుకి అసిస్టెంటుని, అదీ టెంపరరీ. నా పైన ఒక ఆఫీసరు గారు. సన్నటి మనిషి, చొక్కా జేబులో ఎప్పుడూ భూతద్దం ఉండేది. కోప్పడేవారు కాదు గానీ, ఆయన ఒక ప్రశ్న వేసి ఊరుకుంటే కోప్పడితేనే నయమనిపించేది.

షెడ్డులో పెంచే పురుగు మన దేశానిది కాదు. సముద్రాల అవతల నుంచి చాలా ఆఫీసులు దాటుకుని మా దాకా వచ్చింది. బియ్యంలో తిరిగే ముక్కపురుగుకి పెద్దన్నలా ఉండేది. దాని తిండి గుర్రపుడెక్క. చెరువుల్లో నీరు కనబడకుండా పరుచుకుని, ఊదారంగు పూలు పూసి, చూసేవాళ్ళకి ముచ్చటగానూ రైతుకి యముడిలానూ ఉండే కలుపు అది. ఆ కలుపు కూడా ఒకప్పుడు ఎవరో పరాయి దేశం నుంచి తెచ్చి వదిలిందే. ఆఫీసరు గారు ఈ సంగతి వారానికోసారి గుర్తుచేసేవారు. "పూలు బాగున్నాయని తెచ్చారమ్మా. చెడు చెయ్యాలని ఎవరూ తేలేదు" అనేవారు.

మా అసలు పని పెంచడం కాదు, ఆకలికి మాడ్చడం. ఈ పురుగుని మన నీళ్ళలో వదిలితే గుర్రపుడెక్క తిని ఊరుకుంటుందా, లేక మన పంటల మీద పడుతుందా, అది తేలాలి. అందుకని వరి, చోడి, చెరకు, అరటి, బచ్చలి, తామర, ఇలా ఒక్కో మొక్కనీ ఒక్కో బోనులో పెట్టి, ఇరవయ్యేసి పురుగుల్ని లోపల వదిలి, ఇంకే తిండీ పెట్టకుండా చూస్తూ కూర్చునేదాన్ని. ఆకు గీరిందా, గుడ్డు పెట్టిందా, ఎన్నాళ్ళకి చచ్చింది, అన్నీ నోట్సులో రాయాలి. ఏ మొక్కా లేని బోను కూడా ఒకటి ఉండేది. అందులో తడి దూది మాత్రమే. వట్టి ఆకలికి ఎన్నాళ్ళు బతుకుతుందో తెలియాలి కదా. పన్నెండు రోజుల దాకా లాగేవి. వరి దగ్గరా అంతే, చోడి దగ్గరా అంతే. ఆకు మీదెక్కి కూర్చుని, ముక్కు కూడా ఆనించకుండా చచ్చేవి. ఎంత పౌరుషమో అనుకునేదాన్ని.

ఆ బోన్లు చేసింది పాత ఊళ్ళో వడ్రంగం చేసే ఒక సాయిబు గారు. ఒకసారి వల బిగిస్తూ అడిగాడాయన, "చీమ కూడా దూరకూడదంటారు. రేపు మీరే తీసుకెళ్ళి చెరువులో పోస్తామంటారు. ఇదేం లెక్కమ్మా?" నేనేదో జవాబు చెప్పాను. అది నాకే నచ్చలేదు.

పద్మనాభం దగ్గర మా పుట్టిల్లు. మా అన్నయ్యది చెరువు కింద శివారు భూమి. తూము నుంచి కాలువ నాలుగు మలుపులు తిరిగి చిట్టచివరికి మా చేలోకొస్తుంది. గుర్రపుడెక్క తూములో ఇరుక్కుని, కాలువంతా అల్లుకుని, నీరు రెండో మలుపు దాటేది కాదు. ఊరంతా దిగి కోసి గట్టున పారేసేవారు. నెల తిరిగేసరికి మళ్ళీ మామూలే. రెండేళ్ళు వరసగా ఆకుమడి ఎండిపోయి ఉభాలు పడలేదు, నాటడానికి నారు ఉంటే కదా. కానీ ఆ భూమికి గిరాకీ మాత్రం ఉంది. ఉక్కు ఫ్యాక్టరీ వస్తోందని ఎక్కడ చూసినా గోడలు లేస్తున్న రోజులు. ఇటుకబట్టీ ఆసామి ఒకడు మా చేలో బంకమన్ను బాగుందని, తవ్వుకోనిమ్మని అన్నయ్య వెంట పడ్డాడు. తవ్వితే ఇంకది పొలం కాదు, గొయ్యి. అన్నయ్య వాడికి ఒకటే చెప్పేవాడు. "మా సెల్లి ఆఫీసు నుంచి పురుగులొత్తన్నాయి. కలుపు పోతాది. అందాకా ఆగు."

పురుగులు కలుపుని ఒక్కరోజులో ఊడ్చెయ్యవనీ, రెండు మూడేళ్ళు పడుతుందనీ నేను చెప్తూనే ఉన్నాను.

"పట్టనీ. ఎప్పటికో ఒకప్పటికి పోతాదని తెలిస్తే సాలు, కాసుకుంటాను" అన్నాడు.

నేను మాత్రం ఊరుకున్నానా? మొదటి చెరువు మాదే కావాలని ఆఫీసరు గారి చెవిలో జోరీగలా పోరాను. ఆయన చివరికి సరే అన్నారు, పరీక్షలన్నీ పూర్తయితేనే అన్న షరతుతో.

పరీక్షల్లో ఆఖరికి మిగిలింది చేమ. అందరి గుబులూ దాని మీదే. నీటి ఒడ్డున పెరుగుతుంది, కాడ మెత్తగా నీరుబట్టి ఉంటుంది, గుర్రపుడెక్క తినేవాడికి నోరూరేలా ఉంటుంది. మా వైపు కాలువ గట్టుల మీద ఆడవాళ్ళు పెంచుకునేది అదే. దుంప అమ్ముకుంటారు, ఆకు వండుకుంటారు. మేం ఆఫీసు వెనక పెంచిన చేమమడిని పందులొచ్చి తవ్విపోశాయి. మళ్ళీ నాటితే పెరగడానికి నెలలు పడుతుంది, అవతల వానలొచ్చేస్తున్నాయి. మా వదినకి గట్టున చేమ వరసలున్నాయి. పది మొక్కలు వేళ్ళతో తీసి పట్టుకురమ్మని అన్నయ్యకి కబురు పెట్టాను. మంచివి తెమ్మన్నాను. పురుగుమందు తగలని మొక్కలే వాడాలని మా రూలు. ఆ ముక్క చెప్పాలని నాకు తట్టలేదు. మా ఊళ్ళో చేమకి మందు కొట్టే పిచ్చివాడెవడు?

వారం తిరిగాక మొదటి బస్సుకి వచ్చాడు, తడి గోనెసంచి భుజాన వేసుకుని. విప్పి చూపించాడు. ఏం ఆకులవి! ఒక్క చిల్లు లేదు, ఒక్క గీత లేదు, కడిగిన ఇత్తడి పళ్ళేల్లా మెరుస్తున్నాయి. మా ఇంట్లో ఆడపిల్లకి పుట్టింటి నుంచి వెళ్ళేదేదైనా మచ్చ లేకుండా ఉండాలి. గుమ్మడికాయ మీద గోటి గీత ఉన్నా మా అమ్మ పక్కన పెట్టేసేది. పురుగు తిన్నది మనం తినాలి, పిల్లకి పంపకూడదు, అది ఆవిడ చట్టం. అమ్మ పోయాక ఆ చట్టం అన్నయ్య పుచ్చుకున్నాడు. "సూసుకో, ఒక్క సిల్లు సూపించు" అన్నాడు గర్వంగా. నాకూ గర్వంగానే ఉంది. ఆఫీసరు గారికి కూడా చూపించాను.

ఆ చేమ బోనులో ఇరవై పురుగులూ ఐదో రోజుకి చచ్చాయి. ఆకు మీద గీత లేదు, గుడ్డు లేదు.

ఆఫీసరు గారు నోట్సు చూసి అడిగారు, "ఇవి తొందరగా చచ్చినట్టున్నాయే?"

"ఆకలికి సార్" అన్నాను.

ఆయన ఒక్క క్షణం నా వైపు చూశారు. తర్వాత సంతకం పెట్టారు. ఆ రెండు ముక్కలూ ఎంత ధీమాగా అన్నానో తల్చుకుంటే ఇప్పటికీ నా నోటి మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది. పక్క బోనులో వట్టి తడి దూది మీద పన్నెండు రోజులు బతికిన పురుగు, పచ్చటి ఆకు మీద ఐదు రోజులకే ఆకలికి ఎలా చస్తుంది? చిన్నపిల్లాడైనా అడుగుతాడు. నేను అడగలేదు. నాకు కావలసిన జవాబు వచ్చేసింది, ఇంక ప్రశ్నతో పనేముంది?

కాగితాలు వెళ్ళాయి, పర్మిషన్ వచ్చింది, రోజు ఖాయమైంది. వదలడానికి నాలుగు రోజుల ముందు, చెరువులో ఎక్కడ వదిలితే బాగుంటుందో చూసి రమ్మని ఆఫీసరు గారు నన్ను పంపారు. చూడాల్సింది చూసి మా ఇంటికెళ్ళాను. ఊరంతా నన్ను కలెక్టరమ్మలా చూస్తున్నారు. వదిన పొయ్యి దగ్గరుంది. కూరకి నాలుగు చేమాకులు కోసుకొస్తానని గట్టు మీదికి నడిచాను.

వదిన వెనక నుంచి కేకేసింది. "ఆ మొదటి వరస ముట్టకమ్మా, పొడిమందు జల్లినాం. అవతలది కొయ్యి."

నేను అక్కడే ఆగిపోయాను. ఎప్పుడు జల్లారని అడిగాను.

"నువ్వు కబురెట్టినావు కదా, ఆ మర్నాడే. గొంగళిపురుగు పడి ఆకులు జల్లెడలాగుండేవి. ఆడకూతురు నోరిడిసి అడిగింది, ఇయ్యేటి ఇత్తామని మీ అన్న సిరాకు పడిపోనాడు. పాత ఆకులు తుంచీసి, పొడి జల్లీసి, కొత్త ఆకు లేసినాక దాని మీదా జల్లీసి మరీ తీసినాడు. ముప్పూటలా కడిగినాడులే, భయపడకు."

 ఆకలికి సార్. నా గొంతే నాకు వినబడింది. ఆ పురుగులు ఆకలికి చావలేదు, మందుకి చచ్చాయి. అవి చేమ తింటాయో తినవో ఈ భూమ్మీద ఒక్కరికీ తెలీదు. తెలుసని మేం సంతకాలు పెట్టి కూర్చున్నాం.

అన్నయ్య చేలో ఉన్నాడు. ఈసారి నమ్మకంతో ఆకుమడి దున్ని విత్తనం జల్లేశాడు, మొలక పచ్చగా లేచింది. నేను చెప్పింది మొత్తం విన్నాడు. పార గట్టున పెట్టి కూర్చున్నాడు.

"ఏటి సెల్లీ నువ్వు? వరి తిన్నాదా?"

"తినలేదు."

"సోళ్ళు? సెరకు?"

"తినలేదు."

"అన్నీ తిననిది సేమొక్కటే తింటాదా?"

"తింటుందని నాకు తెలీదు అన్నయ్యా."

"తినదని తెలుసా?"

"అదీ తెలీదు."

"మరి తెలీనిదానికి నా పొలం ఎండబెడతావేటి?"

 నాకు కోపం ముంచుకొచ్చింది. మందెందుకు జల్లావు, నిన్నెవరు జల్లమన్నారు, నీ బుర్రకి తోచక్కర్లేదా అని నోటికొచ్చినట్టు అరిచేశాను. ఆయన పార అందుకుని దానికంటిన మట్టి గీకాడు. తల ఎత్తకుండా అన్నాడు, "మంచివి తెమ్మన్నావు. తెచ్చినాను." ఆ మాట నన్ను కొట్టినట్టు తగిలింది.

నేను బస్సెక్కేటప్పుడు పక్కనే నిలబడి, నా వైపు చూడకుండా అన్నాడు, "ఇటుకల ఆసామి ఊరుకోడం నేదు. ఈసారి కూడా కాదంటే నానింక ఆగనేను. నీకు దండం పెడతాను, ఎవుళికీ సెప్పకు." నా కంటే పదేళ్ళు పెద్ద. దండం పెడతాననడం నాతో అదే మొదటిసారి.

నేను చెప్పలేదు. ఒకరోజు గడిచింది, రెండోది గడిచింది. షెడ్డులోకి వెళ్తూ వస్తూ ఆఫీసరు గారి ముందు నుంచి పదిసార్లు తిరిగాను. ఆయన తల ఎత్తితే నోట్సు సర్దుతున్నట్టు నటించేదాన్ని. మా ఆయనకి చెప్పాను. "బావ పొలం, నీ ఉద్యోగం, రెండూ ఒక్క దెబ్బకి తీసీసుకుంటావా? తింటే నాలుగు సేమాకులు తింటాది. సముద్రంలో సేపల్ని కూడా తినేత్తాదేటి?" అన్నాడు. ఆయన అన్నదీ నిజమే. కానీ తింటే నాలుగాకులతో ఆగుతుందని ఆయనకి మాత్రం ఎవరు చెప్పారు? ఆ చెరువు నీరు గెడ్డలో కలుస్తుంది, గెడ్డ ఇంకో పది ఊళ్ళ గట్టులు తడుపుతుంది. ప్రతి గట్టు మీదా ఎవరో ఒకావిడ చేమ ఉంటుంది. పురుగుకి రెక్కలున్నాయి. తప్పయితే వెళ్ళి ఏరుకురాగలమా? మళ్ళీ అంతలోనే అన్నయ్య ఆకుమడి కళ్ళ ముందుకొచ్చేది. తవ్విన చేను మాత్రం వెనక్కొస్తుందా? ఎటు చూసినా వెనక్కి తెచ్చుకోలేనిదే కనబడేది.

ఆ రోజు పొద్దున్నే జీపులో బయల్దేరాం. అట్టపెట్టెల్లో తడి గుర్రపుడెక్క ఆకులు, వాటి మధ్య పురుగులు, పైన గుడ్డ కట్టి తాడు. దారి పొడుగునా ఆ పెట్టెలు నా ఒళ్ళోనే ఉన్నాయి. చెప్పడానికి గంట టైముంది. సింహాచలం కొండ పక్కనుంచి వెళ్తున్నప్పుడు ఒకసారి నోరు తెరిచాను. "ఏంటమ్మా?" అన్నారు ఆఫీసరు గారు. ఎండ ఎక్కువగా ఉందన్నాను.

చెరువు గట్టున ఊరు ఊరంతా ఉంది. సర్పంచి దండ కూడా తెచ్చాడు. అన్నయ్య ఉతికిన పంచె కట్టుకుని ముందు వరసలో నిలబడ్డాడు, పక్కన వదిన. అన్నయ్య నన్నే చూస్తున్నాడు. నేను చెరువు చూస్తున్నాను. ఊదారంగు పూలతో నిండుగా, నీటి చుక్క కనబడకుండా ఉంది.

ఆఫీసరు గారు మొదటి పెట్టె నా చేతికే ఇచ్చారు. "నీ ఊరు కదమ్మా. నువ్వే వదులు" అన్నారు. ఆయన నాకు చేసిన గౌరవం అది.

తాడు ముడి మీద వేళ్ళు పెట్టాను. మామూలు జారుముడి, నేను కట్టిందే. విప్పలేకపోయాను. వేళ్ళు ఎక్కడ పెట్టినవి అక్కడే ఉండిపోయాయి. పెట్టెలో పురుగులు ఆకుల మీద పాకుతున్న గరగర నా అరచేతులకి తెలుస్తోంది. వెనక ఎవరో నవ్వారు, ఆడపిల్ల భయపడుతోందని.

"కానివ్వమ్మా" అన్నారు ఆఫీసరు గారు.

"సార్, చేమ రిజల్టు తప్పు" అన్నాను.

ఆయన దగ్గరకొచ్చారు. మళ్ళీ చెప్పాను. ఆ మొక్కలకి పొడిమందు జల్లారనీ, పురుగులు దానికి చచ్చాయనీ, నాకు నాలుగు రోజుల క్రితమే తెలుసనీ. సర్పంచి దండ మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"ఎవరు జల్లారు?" అన్నారాయన.

నేను తల దించుకున్నాను. ఎన్ని చేసినా ఆ పేరు నా నోటితో చెప్పలేకపోయాను. అప్పుడు ముందు వరసలోంచి అన్నయ్య గొంతు వినబడింది.

"నానేనండి. నా సెల్లికి ఇచ్చిన మొక్కలండి. పురుగు తిన్నది ఇవ్వకూడదని జల్లినాను."

అంతమందిలో అలా చెప్పి, పంచె ఎగగట్టుకుని ఊళ్ళోకి వెళ్ళిపోయాడు. వదిన నా వైపు ఒక్కసారి చూసి ఆయన వెనక నడిచింది. నేను పెట్టె పట్టుకుని నిలబడ్డాను. సిగ్గుతో తల తీసేసినట్టుంది నాకు. తప్పు చేసినందుకో, చెప్పినందుకో అర్థం కాలేదు.

పెట్టెలు తిరిగి జీపెక్కాయి.  సింహాచలం దాటాక ఆఫీసరు గారు అన్నారు, "ఎందుకు తొందరగా చచ్చాయని అడిగాను. అడిగి ఊరుకున్నాను. అది నా తప్పే." పైకి రాసిన కాగితంలో కూడా అలాగే రాసుకున్నారని తర్వాత తెలిసింది. నా ఉద్యోగం పోలేదు. పోయినా బాగుండేదనిపించింది కొన్నాళ్ళు.

పరీక్ష మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి చేమ మేమే పెంచాం, గొంగళి తిన్న చిల్లులతో సహా. పురుగులు ఏం చేశాయో తెలుసా? తినీ తినకుండా చేశాయి. ఇరవైలో రెండో మూడో ఆకు మీద సన్నటి గీత గీరాయి. గుడ్డు పెట్టలేదు. పన్నెండు రోజులకి అన్నీ చచ్చాయి. నేను భూతద్దం పెట్టి ఆ గీతల్ని ఎన్నిసార్లు చూశానో. దీన్ని తినడమంటారా, తినకపోవడమంటారా? ఆఫీసరు గారు ఉన్నదున్నట్టు రాసి పైకి పంపారు. పైవాళ్ళు ఇంకో మాటు చెయ్యమన్నారు. ఉత్తరాలు వెళ్ళాయి, వచ్చాయి. అలా ఒక వానాకాలం పోయింది, రెండోది సగం పోయింది.

అన్నయ్య అన్న మాట ప్రకారమే ఇంక ఆగలేదు. ఆ ఏడు ఆకుమడి పసుపురంగుకి తిరిగి ఎండిపోయాక భూమిని ఇటుకల ఆసామికి అప్పగించాడు. నేను మళ్ళీ వెళ్ళేసరికి చేనున్న చోట నిలువెత్తు గొయ్యి, అడుగున ఎర్రనీళ్ళు. ఆయన ఉక్కు ఫ్యాక్టరీ కట్టేచోట కాంట్రాక్టరు కింద తట్ట మొయ్యడానికి కుదిరాడు. ఆ పని ముగించుకొచ్చి మా ఇంట్లో కూర్చుని టీ తాగుతూ మా ఆయనతో అనేవాడు, "బావా, అక్కడ లేత్తన్న గోడల్లో మా సేనే ఉన్నాదేమో, గోడ తడిపినప్పుడల్లా మా మన్ను వాసనే కొడతన్నాది." మా ఆయన నవ్వేవాడు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

చివరికి ఆ పురుగుల్ని అదే చెరువులో వదిలాం, దండలూ జనమూ లేకుండా. మూడేళ్ళకి నీళ్ళు కనబడ్డాయి. నాలుగో మలుపు దాకా కాలువ పారింది, గోతిలోకి. పురుగులు చేమని ముట్టుకోలేదు. ఎలా తెలుసంటారా, ఊరెళ్ళిన ప్రతిసారీ గట్టులన్నీ తిరిగి ఆకు ఆకూ తిప్పి చూసేదాన్ని. ఒక్క గీతయినా కనబడాలని కోరుకునేదాన్ని, సిగ్గులేకుండా. ఆ ఆడవాళ్ళ చేమ కొంచెం పాడయినా నేను చెప్పింది దండగ కాలేదని నిద్రపట్టేది. గొంగళి చిల్లులు తప్ప ఏమీ కనబడలేదు.

ఈ రోజుల్లో జన్యువులు మార్చిన విత్తనాలు వదలొచ్చా వద్దా అని టీవీలో ఇద్దరు పెద్దమనుషులు అరుచుకుంటారు. హాని ఉందని రుజువేదీ అంటాడు ఒకాయన. లేదని రుజువేదీ అంటాడు ఇంకొకాయన. ఇద్దరి మొహాల్లోనూ ఎంత ధీమా! నాకు ఒళ్ళు మండి టీవీ కట్టేస్తాను. అలాంటి పెట్టె ఇప్పుడు చేతికిస్తే విప్పుతావా అని నన్నడిగితే, ముందు ఇంకోసారి పరీక్ష చెయ్యమంటానేమో. దాని కోసం ఎవరి చేను పోతుందని కూడా అడుగుతాను. ఆ రెండో ప్రశ్నకి జవాబు ఇప్పటికీ నా దగ్గర లేదు.

అన్నయ్య నా మీద ఎప్పుడూ కోప్పడలేదు. కోప్పడితే నేనూ నాలుగు అనేసి తేలికపడేదాన్ని, ఆ అవకాశం ఇవ్వలేదు. చెరువు బాగయిన ఏడు, ఒక ఆదివారం పొద్దున సంచితో వచ్చాడు. తట్టలు మోసి మెడ వంగిపోయింది. నేను ఉండబట్టలేక అడిగేశాను.

"అన్నయ్యా, ఆ రోజు నేను చెప్పకుండా ఉండాల్సిందా?"

నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టాడు. "నాకేటి తెలుసే. నువ్వే కదా తెలీదన్నావు."

తర్వాత సంచి విప్పాడు. గట్టు మీది చేమాకులు, వదిన వరసలోవి. జల్లెడలా చిల్లులు పడి ఉన్నాయి. పుట్టింటి నుంచి నాకు అలాంటిది ఎప్పుడూ రాలేదు. ఒక ఆకు వెతికి తీసి, కాడ పట్టుకుని, కిటికీ వెలుగులో నాకు చూపించాడు. అంచున ఆకుపచ్చటి గొంగళిపురుగు తల ఎత్తి అటూ ఇటూ ఊగుతోంది.

"సూసుకో సెల్లీ, బతికే ఉన్నాది. మందు జల్లనేదు" అన్నాడు.

నేను ఆ ఆకు రెండు చేతులతో అందుకున్నాను.